గంగులప్ప ఇస్త్రీపెట్టె

వేడెక్కిన ఉన్ని వాసన ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ గంగులప్ప గుర్తొస్తాడు. ఈరోజు పొద్దున మదనపల్లెలో ఒక స్నూకర్ హాల్లో టేబుల్ మీది పచ్చగుడ్డకు ఇస్త్రీ చేయడానికి వెళ్ళాను. పెట్టె గుడ్డకు ఆనిందో లేదో ఆ వాసన లేచింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, నా తప్పు కోసం కాచుకుని పక్కనే నిలబడినట్టు అనిపించింది. పోయి రెండేళ్ళయినా ఆ మనిషి నన్ను వదలలేదు.

గంగులప్పది పుంగనూరు. స్నూకర్ టేబుళ్ళు బిగించడం, గుడ్డ మార్చడం ఆయన పని. ఆయన క్యూ కర్ర పట్టి ఆడగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. మాది శాంతిపురం. అప్పటికి నేను కుప్పం దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ పనిలో ఉన్నాను. ఒకరోజు ఆయన ఒక పాత టేబుల్ తాలూకు రాతిపలకను ఆటోలో వేసుకొచ్చి, అంచు సాపు చేయమన్నాడు. పచ్చగుడ్డ కింద ఉండేది చెక్క కాదు, రాయి అని నాకు అప్పుడే తెలిసింది. పని ముగించి, అరచేత్తో తడిమి, "అద్దం మాదిరి ఉండాదప్పా" అన్నాను గొప్పగా. ఆయన పలక మీద ఉక్కుబద్ద నిలబెట్టి, జేబులోంచి బస్సు టికెట్టు తీసి దాని కిందికి తోశాడు. టికెట్టు అవతలికి వచ్చేసింది.

"నీ అద్దంలో టికెట్టు దూరిందప్పా. బంతికి నీ మాట ఇనపడదు. పల్లం యాడుంటే ఆడికే పోతాది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళ పనితనాన్ని నలిగిన టికెట్టుతో కొలవడానికి ఈయనెవరు అనుకున్నాను. అయినా టికెట్టు దూరనిదాకా మళ్ళీ రుద్దాను. పొద్దు వాలింది. ఆటో ఎక్కబోతూ, "నాతో పనికొస్తావా?" అని అడిగాడు. వారం తిరక్కముందే పుంగనూరు బస్సెక్కాను.

రాయి సంగతి సరే, గుడ్డ దగ్గర నన్ను ఏడిపించాడు. ఆ గుడ్డ మీద కంటికి ఆననంత సన్నని నూగు ఉంటుంది. ఆట మొదలుపెట్టే కొస నుంచి నల్ల బంతి ఉండే కొసకు వాలి ఉంటుంది. ఇస్త్రీపెట్టె ఆ దిక్కుగానే పోవాలి. అవతలి కొసకు చేరాక పైకెత్తి, టేబుల్ చుట్టూ నడిచి, మళ్ళీ మొదటి నుంచి తోయాలి. నాదేమో ఏళ్ళ తరబడి రాయి మీద ముందుకూ వెనక్కూ ఆడిన చేయి. లాగబోయినప్పుడల్లా మణికట్టు మీద ఒకటి వేసేవాడు. "ఇది రాయి కాదప్పా, గొర్రె ఈపు. ఎదురు నిమిరితే రేగతాది. ఎత్తుకోని నడువు." చల్లటి పెట్టె చేతికిచ్చి నాలుగు రోజులు అట్లాగే తిప్పాడు. గుడి చుట్టూ అన్ని ప్రదక్షిణలు చేసి ఉంటే దేవుడైనా పలికేవాడు.

కొన్నేళ్ళకు మదనపల్లెలో ఒక క్లబ్బు వాళ్ళు ఎనిమిది మంది ప్రొఫెషనల్ ఆటగాళ్ళను ఆహ్వానించి టోర్నమెంటు పెట్టారు. టేబుల్ గంగులప్ప బిగించినదే. అంతటి ఆటగాళ్ళు తన టేబుల్ మీద ఆడటం ఆయనకు అదే మొదలు. ఉతికిన చొక్కానే మళ్ళీ ఉతికించుకున్నాడు. "వాళ్ళు పోయేటప్పుడు టేబుల్ ఊసే ఎత్తకుండా పోవల్లప్పా. అదే మనకు మెప్పు" అన్నాడు.

రెండో రోజు పొద్దున ఇస్త్రీ నాకు అప్పగించి, ఆయన ఇంకో టేబుల్ పని చూడటానికి వెళ్ళాడు. జనం వచ్చేస్తున్నారు. నిర్వాహకుడు కానీ కానీ అని తరుముతున్నాడు. ఆ తొందరలో నా చేయి పాత బుద్ధి చూపించింది. రెండుసార్లు పెట్టెను వెనక్కి లాగేశాను. పైపైన బ్రష్ కొట్టాను. చూడటానికి బాగానే ఉంది. తేలు కుట్టిన దొంగలా ఒక మూల కూర్చున్నాను. ఆట మొదలయ్యేలోపు గంగులప్ప కూడా వచ్చి జనంలో కూర్చున్నాడు.

మొదటి ఫ్రేములో, అంటే మొదటి ఆటలో, చెన్నై నుంచి వచ్చిన కుర్ర ఆటగాడి చొక్కా చెయ్యి ఒక బంతికి తగిలింది. రెఫరీ కూడా చూడలేదు. అతనే చెయ్యెత్తి, ఫౌల్ అని ఒప్పుకున్నాడు. రెండో ఫ్రేము చివర్లో అతను మెల్లగా కొట్టిన గులాబీ రంగు బంతి పాకెట్ ముందుకొచ్చి, నూగు రేగిన చోట పక్కకు ఒరిగిపోయింది. ఎదుటివాడు గట్టిగా కొట్టే రకం, అతనికి తేడా తగల్లేదు. ఫ్రేము పోయింది. కుర్రవాడు తన క్యూనే అనుమానంగా చూసుకున్నాడు. గంగులప్ప గుడ్డ వైపు చూసి, తర్వాత నన్ను చూశాడు.

విరామంలో దగ్గరికొచ్చాడు. "ఎనక్కి లాగితివా?"

"రెండుసార్లు."

"పోయి ఆ పిల్లోనికి సెప్పు."

"నీ పేరు పోతాదప్పా."

"సొక్కా తగిల్నేదానికే వాడు సెయ్యెత్తినాడే. మనకు సెయ్యి లేదా?"

వెళ్ళి అందరి ముందూ చెప్పాను. "ఈ రాళ్ళు కొట్టేవాణ్ణి ఎవరు రమ్మన్నారు?" అని నిర్వాహకుడు ఎగిరాడు. జరిగిన ఫ్రేము జరిగినట్టేనని రెఫరీ తేల్చేశాడు. కుర్రవాడు "ఇప్పుడు సరి చేస్తారా?" అని మాత్రం అడిగాడు.

గంగులప్ప పెట్టె వేడి చేసి తెచ్చాడు. ఆయనే తోస్తాడని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వే తొయ్" అని, టీ గ్లాసు పట్టుకుని నాకు వీపు చూపించి కూర్చున్నాడు. బ్రష్ కొట్టి, పెట్టె తోసి, ఎత్తుకుని, అంత మంది చూస్తుండగా టేబుల్ చుట్టూ నడిచాను. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నా బతుకులో నన్ను అంతగా నమ్మినవాళ్ళు ఇంకెవరూ లేరు.

కుర్రవాడు ఆ ఒక్క ఫ్రేము తేడాతోనే ఓడిపోయాడు. పోతూ మా ఇద్దరికీ చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మరుసటి ఏడు టోర్నమెంటుకు వేరేవాళ్ళను పిలిచారు. గంగులప్ప పోయేదాకా ఆ మాట నా దగ్గర ఒక్కసారీ ఎత్తలేదు. పెట్టె మాత్రం నాకిమ్మని ఇంట్లో చెప్పి పోయాడు.

ఈరోజు ఆ పెట్టెతోనే పని చేస్తున్నాను. నేను తోయడం, ఎత్తుకోవడం, చుట్టూ నడిచి రావడం హాలు యజమాని చాలాసేపు చూశాడు. చివరికి ఉండబట్టలేక, "అట్టే ఎనక్కి లాక్కుంటే అయిపోతాది గదన్నా. యాల ఇంత సుట్టు తిరగతాండావు?" అన్నాడు.

"మునుపొకసారి లాగినానప్పా" అన్నాను.