పెద్దామె గదిలో ఇనుప రేడియేటర్

దోహాలో చలి అంటే మా రాయచోటి వైపు ఎవరూ నమ్మరు. ఫోన్లో చెప్తే మా చెల్లెలు నవ్వుతుంది. కానీ జనవరిలో గాలి మొదలైందంటే, పాలరాయి పరిచిన పెద్ద ఇళ్లలో కింది గదులు కాళ్లు పెట్టనీయవు. నేను చూసుకునే పెద్దామె గది అట్లాంటిదే.

నన్ను ఆ ఇంట్లో పనికి పెట్టుకుందే ఆమె కోసం. స్నానం చేయించడం, మందులివ్వడం, తల దువ్వడం, పక్కన కూర్చోవడం నా డ్యూటీ. ఆమె పుట్టింది డమాస్కస్‌లో, పెళ్లయి ఈ దేశం వచ్చింది. ముసలితనంలో మతిమరుపు వచ్చి ఇక్కడి సంగతులన్నీ పోయాయి, చిన్నప్పటివి మాత్రం మిగిలాయి. నేను ఆమెను మామా అంటాను, ఇక్కడ అమ్మ అని. ఆమె నన్ను బింతీ అంటుంది, కూతురా అని. ఆమె కొడుకును, అంటే మా యజమానిని, ఇంట్లో పనివాళ్లమంతా బాబా అంటాం.

ఆమెకు ఎప్పుడూ చలే. "బర్ద్, బింతీ, బర్ద్" అంటుంది. చలి, చలి అని. మేజోళ్ల మీద మేజోళ్లు తొడిగినా, ఒళ్లో వేడినీళ్ల సంచి పెట్టినా అదే మాట. బాబా గోడల అడుగున, నేలను ఆనుకుని, పొడవాటి కరెంటు హీటర్లు పెట్టించాడు. చెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా ఉండేవి. కాస్త ఇవతలికి జరిగితే ఉన్నాయో లేవో తెలిసేది కాదు. అల్ సద్‌లో డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఈ వయసులో రక్తం నెమ్మదిగా తిరుగుతుంది, అంతే అన్నాడు.

ఒక సాయంత్రం ఆమె కుర్చీలోంచి లేచి కిటికీ కింద గోడను తడమడం మొదలుపెట్టింది.

"ఇనుముది ఏది? ఇక్కడే కదా ఉండేది," అంది.

నాకేమీ అర్థం కాలేదు. బాబా వచ్చి విని, అక్కడే మంచం మీద కూర్చుండిపోయాడు. వాళ్లమ్మ పుట్టింట్లో కిటికీ కింద పోత ఇనుముతో చేసిన రేడియేటర్ ఉండేదట. లోపల వేడినీళ్లు తిరిగేవట. చలికాలం అక్కచెల్లెళ్లు దానికి వీపు ఆనించి కూర్చునేవాళ్లట. అట్లాంటిదాని ఫోటో ఒకటి ఫోన్లో వెతికి చూపించాడు. ఆమె ఫోను లాక్కుని బుగ్గకు ఆనించుకుంది.

బాబా లుసైల్‌లో పెద్ద ఆఫీసు నడిపే మనిషి. ఆయన గొంతు వింటే డ్రైవర్లు నిలబడతారు. ఆ సాయంత్రం మాత్రం నావైపు చూసి, "ఇంకేం చెయ్యను చెప్పు," అన్నాడు.

కొన్నాళ్లకు అట్లాంటి ఇనుప రేడియేటరే ఒకటి తెప్పించాడు. ఏదో చలిదేశంలో కూలగొట్టిన పాత భవనంలోది, ఓడలో వచ్చింది. ఒంటి నిండా పువ్వులు పోతపోసి ఉన్నాయి. దాన్ని లోపలికి మోసుకొచ్చేసరికి మనుషులకు ఊపిరి ఆడలేదు. బిగించడానికి వచ్చిన ప్లంబర్ మనవాడే, జగిత్యాల వైపు. బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంప్‌లో ఉంటాడు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని, "మీదేవూరక్కా?" అని పలకరించాడు.

"ఇది కరెంటుకు పెడితే నడువదక్కా. లోపల వేడినీళ్లు తిరగాలె. ఈడ ఏ ఇంట్ల ఆ లైను లేదు. నేను గూడ ఇసొంటిది ఎన్నడు బిగించలే. జూస్త మరి," అన్నాడు రేడియేటర్ చూసి.

పక్కనున్న బాత్రూంలో విడిగా ఒక గీజరు, చిన్న పంపు పెట్టి పైపులు లాగాడు. మొదటిసారి నీళ్లు వదిలితే అతుకులన్నీ కారాయి. తుప్పు నీళ్లు ఎర్రగా తివాచీ మీదికి వచ్చాయి. పెద్దామె అది రక్తమనుకుని, కాళ్లు పైకి ఎత్తుకుని, ఎవరికి దెబ్బ తగిలిందని ఏడ్చింది. ప్లంబర్ చేతిలో పానాతో అట్లాగే నిలబడ్డాడు. తర్వాత దాన్ని వాకిట్లోకి మోయించి, ముక్కలుగా విప్పి, అతుకులకు కొత్త వాషర్లు వేసి మళ్లీ బిగించాడు. చాలా రోజులే పట్టింది. అన్నాళ్లూ ఆమె ఖాళీ గోడను చూస్తూ కూర్చుంది.

చివరికి అది నడిచింది. ఇనుము మెల్లగా వేడెక్కింది. ఆమె కుర్చీ దగ్గరకు జరిపాను. చెయ్యి పెట్టింది, తర్వాత చెంప పెట్టింది. నన్ను వాళ్ల చెల్లెలి పేరుతో పిలిచి, ఇటు వచ్చి కూర్చో అంది. కూర్చున్నాను. గుమ్మంలో బాబా కళ్లు తుడుచుకున్నాడు. ఆ కొన్నాళ్లు ఆమె చలి అనలేదు. నేను కూడా గట్టెక్కామనే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం గది మా ఊరి మే నెలలా ఉంది. నా జాకెట్టు తడిసి వీపుకు అంటుకుంది. అప్పుడు ఆమె, "బర్ద్, బింతీ," అంది. చూస్తే ఆమె అరచెయ్యి ఇనుముకు అదిమి ఉంది. లాగి చూశాను. ఎర్రగా కమిలిపోయింది. ఆమెకు ఏమీ తెలియడం లేదు. ఆ చెయ్యిని కుళాయి కింద పట్టుకున్నాను.

బాబాకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. నాకు వచ్చిన అరబ్బీలో వేడికి మాట ఉంది, చలికి మాట ఉంది, దీనికి లేదు. "మామాకు వేడి తెలీదు, కాలినా తెలీదు," అని చేతులతో చూపించాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమో. ఆ చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూసి, డాక్టరుకు ఫోన్ చేశాడు.

చెయ్యి మానింది. ప్లంబర్ మళ్లీ వచ్చి, వేడి తగ్గించి, రేడియేటర్ చుట్టూ చెక్క కంచె బిగించాడు. పోతూ, "ఇంతకంటె నా చేతుల ఏం లేదక్కా," అన్నాడు.

ఇప్పుడు ఆమె ఆ కంచె సందుల్లో వేళ్లు పెట్టి లాగుతుంది. అందదు. "తలుపు తియ్యి, చెల్లి లోపల ఉంది," అంటుంది. బాబా ఆఫీసు నుంచి వచ్చి కాసేపు కూర్చుంటాడు. ఆయన లేచి వెళ్లాక నేను ఆమె వేళ్లు విడిపించి నా చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతాను. గది వెచ్చగానే ఉంటుంది. ఆమె వేళ్లు మాత్రం ఎంత రుద్దినా చల్లగానే ఉంటాయి. "తీస్తాలే మామా, రేపు తీస్తా," అంటాను. సరేనని తల ఊపుతుంది.