నాది కాని పద్ధతి

మా ఇంగ్లీషు టీచర్ ఇక లేరని గత సోమవారం స్టాఫ్ రూమ్‌లో ఉండగా ఫోనొచ్చింది. సాయంత్రం లాలాగూడ చర్చిలో ప్రార్థనకు వెళ్లాను. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. నన్నూ పిలిచారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. నా గొంతుకేమీ కాలేదు.

తొమ్మిదో తరగతిలో ఆవిడ నాకు పాఠం చెప్పారు. తర్వాత అదే స్కూల్లో ఇద్దరం ఆరేళ్లు కలిసి పనిచేశాం. వారానికోసారి పాఠ్యపుస్తకం మూయించి, ఏదో ఒక కథ పైకి చదివేవారు. ఎవరో తలుపు తియ్యబోతుండగానో, ఉత్తరం చింపబోతుండగానో ఠక్కున ఆపేసి, పుస్తకం బల్ల మీద పెట్టి మంచినీళ్లకని బయటికి వెళ్లేవారు. తిరిగొచ్చేసరికి బల్ల చుట్టూ పిల్లలు మూగి ఉండేవారు. "చదవండి చదవండి అని ప్రాణం తియ్యకమ్మా. చదివి ఆపెయ్, చాలు," అనేవారు, నేనూ టీచర్నయ్యాక నాతో.

ఏ పుస్తకం ఎవరికివ్వాలో తేల్చడానికి ముందు "ఇంట్లో ఏం చేస్తుంటావు?" అని అడిగేవారు. బోయిగూడ నుంచి వచ్చే ఒకమ్మాయి డాబా మీద పావురాల్ని పెంచేది. ఆమెకు పక్షుల మీద సన్నటి బొమ్మల పుస్తకం ఇచ్చారు. ఫస్టు ర్యాంకు దాన్ని కదా, నాకు లావు నవల ఇస్తారనుకున్నాను. నాకూ సన్నదే ఇచ్చారు. "ముందు ఒకటి చివరిదాకా చదువు," అన్నారు. వారం రోజులు మూతి ముడుచుకున్నాను.

ఆవిడ రిటైరైన ఏడాది ఇంగ్లీషు టీచర్ల శిక్షణలో నన్ను మాట్లాడమన్నారు. ఒక పేజీ చదివి, ఆపి చూపించి, ఇది నా క్లాసులో నేను కనిపెట్టిన పద్ధతి అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు చూశాను, మూడో వరుసలో ఆవిడ. ఆవిడా కొడుతున్నారు.

ఒక టీచర్ లేచి, "బల్ల దిక్కు సుత రాని పిల్లలుంటరు గద మేడం, వాళ్లనేం జెయ్యాలె?" అని అడిగారు. ఏదో నసిగాను.

టీ విరామంలో ఆవిడ కంటపడకుండా ఓ మూలకు పోయాను. ఆవిడే వెతుక్కుంటూ వచ్చారు. "తర్వాత ఏమవుద్దో వాళ్లని తెలుగులోనే చెప్పమను. దాన్ని నువ్వు బోర్డు మీద ఇంగ్లీషులో రాయి. పుస్తకంలోనూ అదే ఉందో లేదో చూసుకోడానికి వాళ్లే లేచొస్తారు. మధ్యాహ్నం ఆ అడిగినాయనకి చెప్పమ్మా," అన్నారు. చెప్పాను. అదీ నాదే అన్నట్టు చెప్పాను.

ఒప్పుకుందామని రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. రెండుసార్లూ ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడి వచ్చేశాను. అడిగితే చెప్పేద్దును కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. తప్పు చేసింది నేనైతే ఆవిడెందుకు అడగాలి? సిగ్గుగా ఉంది.

నిన్న తొమ్మిదో తరగతిలో కథ మధ్యలో ఆపి, ఈ పద్ధతి మా టీచర్‌దనీ, ఇన్నేళ్లూ నాదని చెప్పుకున్నాననీ పిల్లలకు చెప్పేశాను.

"ఆ మేడంకు ఎరుకేనా?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"తెలుసు."

"మరి ఏమన్లేదా?"

"అన్నారు. శిక్షణలో నేను చదివింది విన్నారుగా, మరీ తొందరగా చదువుతున్నానట, వెనకవాళ్లకి అందట్లేదట."

"నిజమే మేడం," అంది చివరి బెంచీలోంచి ఒక గొంతు.

పుస్తకం తీసుకుని ఆ బెంచీ దాకా నడిచి, అక్కడ నిలబడి, మళ్లీ మొదటి నుంచి చదివాను.