చేపలకు హద్దు రాళ్లు

ఆ రోజుల్లో సూర్యాపేటలో ఒక వకీలు దగ్గర మున్షీగా కుదిరాడంటే, వాడికిక గొర్రెల వెంట నడిచే పని తప్పినట్టేనని మా చివ్వెంల వైపు లెక్క. నాకు పద్దెనిమిదేళ్లకే తప్పింది. ఉర్దూలో నా దస్తూరి మా వకీలు సాబ్‌కు అర్థమయ్యేది కాదు (మరునాటికి నాకూ అర్థమయ్యేది కాదు). అయినా ఆయన నన్ను ఉంచుకున్నది కాగితాల కోసం కాదు, చేపల కోసం. నిజాం పాలన పోయి ఏడాది కాలేదు, ఊళ్లలో భయం ఇంకా తగ్గలేదు. భూమి తగాదాల వాళ్లు పొద్దున్నే వచ్చి వసారాలో కూర్చునేవారు, ఎవరూ గొంతెత్తి మాట్లాడేవారు కాదు. ఆ వసారాలోనే ఒక పక్కన, మిర్యాలగూడలో ఇనుప చట్రానికి అద్దాలు బిగించి, కీళ్లకు తారు పూయించి తెచ్చిన నీళ్ల పెట్టె ఉండేది. గోడు చెప్పుకుంటున్న వాళ్లు మధ్యలో ఆగి దాని వైపు చూసేవారు.

చేపలను తెచ్చింది కోదాడలో ఉండే సాబ్ బావమరిది. సముద్రం వైపు కాలువల్లో పట్టిన ఆరింటిని కడిగిన కిరసనాయిలు డబ్బాలో పెట్టుకుని బస్సులో వచ్చాడు. పసుపు పచ్చటి ఒళ్లు, పక్కన ఒక నల్లటి మచ్చ. "వారానికోసారి గుప్పెడు ఉప్పు వెయ్యండి బావగారూ. ఇవి ఆడా మగా కలిసి పిల్లల్ని కాసుకుంటాయి. జంట కుదిరిందంటే మాత్రం పక్కదాన్ని బతకనివ్వవు" అని చెప్పి వెళ్లాడు. అన్నట్టే ఒక జంట పెట్టెలోని పెద్ద రాయిని ఆక్రమించుకుంది. నెల తిరిగేసరికి రెండు చేపలు చచ్చిపోయాయి. మిగిలిన రెండింట్లో చిన్నదానికి తోక సగమే ఉంది. సాబ్ భార్యను మేమంతా అమ్మ అనేవాళ్లం. చచ్చినవాటిని మల్లెపాదులో పూడ్చి వచ్చి ఆమె అన్నది: "ఊర్లల్ల సూసింది సాలదా? ఇంట్ల గూడ ఒకటినొకటి సంపుకునుడు సూడాల్నా? ఇంకొక్కటి సచ్చినా ఈ పెట్టె ఇంట్ల ఉండది." సాబ్ నా వైపు తిరిగాడు. "ఇన్నవ్ గద మున్షీ. పెట్టె పోతె ఇగ నీకు గీడ పనేముంటదయ్యా?"

వకీలు మున్షీకి తోచే ఉపాయం ఏముంటుంది? పంచనామాకు పోయినంత గంభీరంగా, పెట్టెకు నడిమధ్యన గులకరాళ్లతో ఒక గట్టు కట్టి, జంటను ఇటు, తక్కిన రెండింటినీ అటు వదిలాను. సాబ్ వచ్చి వంగి చూసి, "అటుదిక్కు రెండు వేళ్ల మందం ఎక్కువ పోయింది" అని సర్దించాడు కూడా. మర్నాడు మధ్యాహ్నానికి మగ చేప ఆ గట్టునే తన ఇల్లు చేసుకుని, రెండు వైపులా తరమడం మొదలుపెట్టింది. చిన్న చేప పై మూలన ఏటవాలుగా నిలబడి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. వాయిదాకు వచ్చిన ఒక ముసలాయన తాపీగా, "హద్దు రాయి పాతినంక ఆగిన లొల్లి నేనైతె సూడలే అయ్యా" అన్నాడు.

ఆ చేపను చూస్తూ నిలబడితే, నేను మరిచిపోవాలని అంత కష్టపడుతున్న మా నాయినే గుర్తొచ్చాడు. రెండు మందలు కలపాల్సి వస్తే ఆయన ఒకదాని దొడ్డిలోకి ఇంకొకదాన్ని తోలేవాడు కాదు. రెండింటినీ ఏ మందకూ అలవాటు లేని కొత్త చేలోకి తోలి, పొడిచే పొట్టేలును మాత్రం పక్కన కట్టేసి, అన్నీ కుదురుకున్నాక ఆఖరున వదిలేవాడు. నేను నాలుగు చేపలనూ బకెట్లోకి తీశాను. ఇసుక కలియబెట్టి, రాళ్లన్నీ చోటు మార్చి, దాక్కోవడానికి కుండ పెంకులు బోర్లించాను. తోక తెగినదాన్ని ముందు వదిలి, మగదాన్ని ఆఖరున వదిలాను. అది రెండు రోజులు తన ఇల్లు వెతుక్కుంటూ తిరిగింది. ఆ తర్వాత కూడా తరిమేది కానీ, కొరికేంత పట్టుదల పోయింది. చిన్నదాని తోక మెల్లగా పెరిగింది.

"గిది యాడ నేర్చినవయ్యా?" అన్నాడు సాబ్. గొర్రెల దగ్గర అనడానికి నాకు నోరు రాలేదు. "కితాబుల సదివిన సాబ్" అన్నాను. ఏం కితాబని అడిగితే ఇంగ్లీషుదన్నాను (ఇంగ్లీషులో నాకు అప్పటికి నా పేరు రాయడం వచ్చు, అదీ తప్పులతో). అప్పటి నుంచి వసారాకు వచ్చిన ప్రతివాళ్లకూ సాబ్ ఆ కితాబు సంగతి చెప్పేవాడు.

కొన్నాళ్లకు నాయిన నన్ను చూడడానికి వచ్చాడు, భుజాన గొంగడితో. సాబ్ ఆయన్ను పెట్టె ముందు కూర్చోబెట్టి, "నీ కొడుకు ఇంగ్లీషు కితాబు సదివి, అన్నిటిని బయటికి తీసి, జాగ మార్చి మల్ల ఏసిండు. ఎట్లున్నది తెలివి?" అన్నాడు. నేను నేల చూస్తున్నాను. నాయిన చాలాసేపు చేపలను చూశాడు.

"మంచి కితాబే సదివిండు సాబ్" అన్నాడు.

సాబ్ లోపలికి వెళ్లాక నా వైపు వంగి, "పొట్టేలును ఆఖరుకే ఇడిసినవా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

"ఆఖరుకే నాయినా."

"గట్లనే" అని గొంగడి సర్దుకున్నాడు.

తర్వాత పత్రికలో విలేకరిగా చేరి, ఈ మాట నీకెవరు చెప్పారని ఎంతోమందిని నిలదీశాను. ఆ పద్దెనిమిదేళ్ల మున్షీని మాత్రం నిలదీయబుద్ధి కాదు, చిన్నగా నవ్వొస్తుంది. నాయినకు చదువు రాదని వాడెంత గట్టిగా నమ్మాడు, పాపం!