పగలగొట్టని మొద్దు

దయ్యాలు, గాలి, ధూళి అంటూ తిరిగేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకు. మా వీధిలో పిల్లాడికి కాస్త జ్వరం వస్తే చాలు, నిమ్మకాయలు పట్టుకుని బయలుదేరుతారు. "ముందు దవాఖానకు పోండమ్మా" అని మొహం మీదే అనేదాన్ని. అందుకే ఈ సంగతి ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. నా నోటితో నేనే ఇది చెబితే జనం నవ్వకుండా ఉంటారా? నవ్వితే నవ్వనీ. ఇక కడుపులో పెట్టుకుని తిరగడం నా వల్ల కావడం లేదు.

మాది శంషాబాద్‌ను ఆనుకుని ఉన్న ఊరు. మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. నేను గోదాముల దగ్గర టిఫిన్ బండి పెడతాను. మాతోపాటు మా మామ ఉంటాడు, మా ఆయన తండ్రి. డెబ్బై దాటినా చేతిలోంచి గొడ్డలి దిగని మనిషి.

దసరా వెళ్లిందంటే మామకు కట్టెల యావ పట్టుకునేది. చలికాలం నీళ్ల కాగు కిందికి సరిపడా కొట్టి, ఇంటి వెనక పేర్చేవాడు. ఆ పేర్చడం కూడా ఒక లెక్క ప్రకారమే. రెండు కొసల్లో పేళ్లు అడ్డంగా, నడుమ నిలువుగా, బెరడు పైకి ఉండేలా. వాన పడినా నీళ్లు జారిపోవాలట. మేమెవరైనా ఒక పేడు తిరగేసి పెడితే తిట్టి మరీ సరిచేసేవాడు. అంతా అయ్యాక కుప్ప మీద ఒక షాబాద్ బండ ముక్క పెట్టేవాడు. బండ పెట్టాడంటే ఆ ఏటికి పని ముగిసినట్టే. ఆ తర్వాత ఒక్క పుల్ల కూడా కలపనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు మా అమ్మాయికి తొలిచూలు. పురుడు మా ఇంట్లోనే పోయాలి, అదీ నడిచలిలో. మా వెనక పొలం ప్లాట్లు చేస్తున్నారని తుమ్మచెట్లన్నీ పడగొట్టారు. మామ ఆ మొద్దులు కొన్ని అడిగి తెచ్చి పెరట్లో వేయించాడు. గీజర్ ఉండగా ఈ వయసులో ఈ కష్టమేమిటని నేను గట్టిగానే అరిచాను.

"గీజర్ నీళ్లు నువ్వు వోసుకో. నా మనుమరాలు బాలింతయితే తుమ్మకట్టె నీళ్లే వొయ్యాలె. కట్టె పేర్చి బండ వెట్టేదాంక నాకు సావు గూడ రాదు తియ్యి, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు.

ఎప్పుడూ అనే మాటే. నేను పట్టించుకోలేదు.

రెండు మొద్దులు చీల్చాడో లేదో, ఆ పెరట్లోనే గొడ్డలితో సహా కుప్పకూలాడు. కుడివైపు మొత్తం పడిపోయింది, మాట పోయింది. అత్తాపూర్‌లో ఒక దవాఖానలో చేర్చాం. మనిషి దక్కుతాడో లేదో చెప్పలేమన్నారు.

మా భయం ఆయన ఒక్కడి గురించే అయితే ఎలాగో తట్టుకునేవాళ్లం. మా అమ్మాయికి బీపీ ఎక్కువగా ఉంది, చిన్న దిగులు కూడా పడనివ్వొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. అది తాత వీపు మీద పెరిగిన పిల్ల. ఆయనకేమన్నా అయిందని తెలిస్తే కడుపులో బిడ్డకు ఏమవుతుందో! అత్తగారింట్లో ఉన్న దానికి "తాతకు జ్వరం" అని అబద్ధం చెప్పాం. ఫోన్ మోగినప్పుడల్లా అదేనేమోనని ముందు పేరు చూసుకునేదాన్ని. ఎలాగైనా పురుడు అయ్యేదాకా ఈ మనిషి ఉండాలి, ఆ ఒక్క కోరికే నాకు.

అలా కొన్నాళ్లయ్యాక ఒక ఉదయం స్నానానికి ఇంటికి వచ్చాను. పెరట్లో చిందరవందరగా పడి ఉండాల్సిన మొద్దుల్లో కొన్ని లేవు. గోడ పక్కన కుప్ప లేచి ఉంది. కొసల్లో అడ్డంగా, నడుమ నిలువుగా, బెరడు పైకి.

మా ఆయన చేశాడనుకున్నాను. ఆయనేమో నేను ఎవరినో పెట్టి కొట్టించాననుకున్నాడు. ఇద్దరం కాసేపు పోట్లాడుకున్నాక, ఎవరమూ కాదని తెలిసింది. గేటుకు తాళం వేసింది వేసినట్టే ఉంది. మామ పడిపోయిన రోజే గొడ్డలిని లోపల అటక మీద పెట్టాను. స్టూల్ వేసుకుని ఎక్కి చూశాను. అక్కడే ఉంది. అంచుకు మాత్రం తడి పొట్టు అంటుకుని ఉంది, పచ్చి తుమ్మ వాసన వస్తోంది.

మర్నాడు మా ఇంటి పక్క గోదాము వాచ్‌మన్ బండి దగ్గర టిఫిన్ తింటూ అడిగాడు. "ఏందక్కా, నిన్న పొద్దు పొద్దుగాల మీ ఇంటి ఎనక కట్టెలు గొడుతున్నరు? ముసలాయన ఇంటికొచ్చిండా?"

రాలేదన్నాను. ముందురోజు తెల్లారేటప్పుడు మేమిద్దరం అత్తాపూర్‌లోనే ఉన్నాం.

దవాఖానలో నర్సు ఇంకో మాట చెప్పింది. ఏసీలో పడుకున్న మనిషికి తెల్లవారేసరికి చొక్కా పిండేంత చెమట పడుతోందట, ఎందుకో తెలియడం లేదట. నేను మామ మొహం చూశాను. ఎండలో పని చేసి వచ్చినవాడిలా పెదవులు ఎండిపోయి ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచాను.

ఆ తర్వాత రోజూ కుప్ప పెరుగుతూ వచ్చింది, మామ తగ్గుతూ వచ్చాడు. మొద్దులు ఎన్ని మిగిలాయో చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే ఇంకా భయం. మా ఆయన ఆ ఊసెత్తితేనే కసిరేవాడు. పెరటి వైపు రావడమే మానేశాడు.

ఒక ఉదయం నేను వెళ్లేసరికి పెరట్లో మొద్దన్నదే లేదు. నేల ఊడ్చినట్టు ఉంది. కుప్ప మీద షాబాద్ బండ.

అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన చేశాడు. "బాపుకు బాగలేదే. చుట్టాలకు చెప్పుకొమ్మంటున్నరు. నువ్వు జల్ది రా."

నేను దవాఖానకు వెళ్లలేదు. కోడలివి కావే నువ్వు, రాక్షసివి అని ఎవరన్నా అనుకోనీ. చెప్పులు కూడా వేసుకోకుండా ప్లాట్ల వైపు పరిగెత్తాను. అక్కడ ఇంకా కొన్ని తుమ్మమొద్దులు పడి ఉన్నాయి. మట్టి తోలుతున్న ట్రాక్టరతన్ని కాళ్లావేళ్లా పడి ఒప్పించి, వాటిని ఎత్తించి మా పెరట్లో గుమ్మరించాను. ఆ బండను రెండు చేతులతో లాగి కింద పడేశాను. ఎవరూ లేని పెరట్లో నిలబడి అరిచాను.

"పని ఒడువలేదు మామా! ఇంక మస్తుంది! సూడు, ఎన్ని మొద్దులున్నయో! ఇవన్నీ ఎవలు కొడ్తరు?"

ట్రాక్టరతను నన్ను అదోలా చూసి వెళ్లిపోయాడు.

నేను అత్తాపూర్ చేరేసరికి మా ఆయన వరండాలో కూర్చుని ఏడుస్తున్నాడు. అయిపోయిందనుకున్నాను. "కండ్లు తెరిచిండే" అన్నాడు. కొత్తగా ఇచ్చిన మందు పనిచేసిందని డాక్టర్లు చెప్పారు. అదే నిజమై ఉండొచ్చు, నేను కాదనను.

ఆ తర్వాత మామ మెల్లగా తేరుకున్నాడు. పెరట్లో ఇక ఒక్క మొద్దు కూడా కదల్లేదు. ఆయన మంచం మీదే ఇంటికి వచ్చాడు. మా అమ్మాయి కూడా వచ్చింది, తాతను చూసి ఏడ్చి, నన్ను తిట్టి, చివరికి క్షేమంగా ఆడపిల్లను కన్నది. బాలింతకు ఆ కట్టెల మీద కాగిన నీళ్లే పోశాం. పొగ కళ్లలోకి వస్తున్నా మామ అటే చూస్తూ పడుకున్నాడు.

తెచ్చిన మొద్దులన్నీ తర్వాత కూలివాళ్లతో కొట్టించేశాం, ఒక్కటి తప్ప. ముడులు పడి ఉన్న మొద్దు అది. పెరటి మూల పాడుబడ్డ బాత్రూంలోకి దాన్ని నేనే దొర్లించి, గోనెపట్ట కప్పి, తాళం వేశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే "దిమాక్ ఖరాబైందా నీకు" అంటాడు. పని మిగిలి ఉండాలి, అంతే. ఆ మొద్దు వచ్చిన రోజు మామ దవాఖానలో ఉన్నాడు. దాచిన రోజు ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. అక్కడి నుంచి ఆ మూల కనపడదు.

ఇప్పుడు మనవరాలికి నడక వచ్చింది. వచ్చినప్పుడల్లా ముత్తాత వేలు పట్టుకుని ఊగుతుంది. మామకు మాట కొంచెం తిరిగింది, కాలూ చెయ్యీ మాత్రం రాలేదు. ఒళ్లంతా నొప్పులు. రాత్రిళ్లు మూలుగుతాడు. మళ్లీ చలి మొదలైంది.

మొన్న సాయంత్రం జావ తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, ఆ ముడుల మొద్దు బయట వెట్టరాదు. నువ్వు తాళం ఏసినవు గదా."

నేను చెయ్యి విడిపించుకుని చెంచా నింపాను. "ఏ మొద్దు మామా? మొద్దు లేదు, గిద్దు లేదు. జావ తాగు."

"మస్తు అలిసిన బిడ్డా. గదొక్కటి గొట్టి బండ వెడ్త. ఇగ సాలు."

నేను ఇవ్వనని తెలిసినట్టే, చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. ఇంకో చెంచా పోశాను.

ఆయనకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఆ పేళ్లు కొట్టిందెవరో, బండ పెట్టిందెవరో కూడా ఇప్పటికీ నాకు తెలియదు. తాళంచెవి నా రొండిన ఉంది. పడుకున్నా గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆయన మూలిగినప్పుడల్లా దాని మీదికి చెయ్యి పోతుంది. తలుపు దాకా వెళ్తాను. మళ్లీ వచ్చినప్పుడు ఆ పసిది ముందుగా పోయి ముత్తాత మంచం దగ్గర నిలబడుతుందని గుర్తొచ్చి, మళ్లీ వచ్చి పడుకుంటాను.