ఐసు ఇచ్చినందుకు ఫోటో

ఈ రోజు బుధవారం కదా, పాపకు టీకా వేయించడానికి మా ఆవిడతో కలిసి వేప్పనపల్లి దగ్గరున్న మా ఊరి సర్కారు ఆస్పత్రికి వెళ్లాను. ఉదయం నుంచి కరెంటు లేదు. టీకాల పెట్టెలో ఐసు కరిగిపోతోందని నర్సు సరోజమ్మ కంగారు పడుతుంటే, ఐసు కోసం ఆమెను బండి మీద పక్కనే ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. దానికి స్థలం, రాయితీ కరెంటు, ఆగని లైను అన్నీ ప్రభుత్వమే ఇచ్చింది. మా ఆస్పత్రి ఒక ఇన్వర్టరు అడిగి ఏళ్లయింది.

గేటు దగ్గర మేనేజరు ఐసు ఇస్తూ ఫోన్ తీశాడు.

"పోయినసారి మాదిరే నవ్వల్లమ్మా. కంపెనీ ఊరికి సాయం చేస్తా ఉందని పైకి పంపల్ల."

"నవ్వు రాదప్పా. ఈ ఐసు చేసే కరెంటులో మా ఊరోళ్ల పన్ను కూడా ఉండాది. ఆస్పత్రి కాడ బిడ్డలు కాసుకోని ఉండారు, బిరీన తియ్యి," అంది సరోజమ్మ.

తీసి చూపించాడు. ఆమె నిజంగానే నవ్వలేదు. వెనక నిలబడిన నేను మాత్రం చేతులు కట్టుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాను.

నేనెందుకు నవ్వానో మీలో ఎవరైనా చెప్పగలరా?