మంచుకొండ మీద నేను తల ఊపిన రోజు

పోయిన వారం డాక్టరు దగ్గర మోకాలు చూపించుకుని బస్సులో ఇంటికి వస్తుంటే, దారిలో ఎవరో అమ్మాయి మంచు మీద జారే స్కీలు భుజాన మోసుకుంటూ ఎక్కి నా ముందు సీట్లో కూర్చుంది. ఆ స్కీల అడుగున అంటించిన పట్టీలు ఇంకా తడిగానే ఉన్నాయి, వాటి జిగురు వాసన బస్సు వెచ్చదనానికి మెల్లగా నా దాకా వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా ముక్కు దేన్నీ మరిచిపోదు కాబోలు. నేను దిగవలసిన చోటు ఇంకా రెండు స్టాపులుందనగా దిగిపోయి, నొప్పి మోకాలితోనే నడిచి ఇల్లు చేరాను. మా ఆవిడ అడిగితే గాలి కోసమని చెప్పాను.

తొంభైల చివర్లో ఉద్యోగం మీద ఎడిన్‌బర్గ్ వచ్చినవాళ్లం మేము. లండన్‌లో ఈస్ట్ హామ్‌లోనో ఇల్ఫర్డ్‌లోనో ఉన్న మనవాళ్లకి వీధి చివర కరివేపాకు దొరికేది గానీ, ఇక్కడ తెలుగు మాట వినబడాలంటే ఫోన్ ఎత్తాల్సిందే. అలాంటి రోజుల్లో మా బావమరిది, అంటే ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు, కంప్యూటర్ ఉద్యోగం సంపాదించుకుని మా ఫ్లాట్‌కే వచ్చి చేరాడు. భీమవరం దగ్గర చేపల చెరువుల మధ్య పుట్టి, ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడని వాడు. వాడొచ్చాక మా వంటింట్లో నవ్వులు మొదలయ్యాయి. ఆవిడ అన్నం రెండు గిద్దలు ఎక్కువ వండడం, వాడు దాన్నీ ఖాళీ చేసి పెరుగు ఏదక్కా అనడం, ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

మా ఆఫీసులో పక్క సీటు ఆయన స్కాట్లండ్ మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు. నేనూ మా బావమరిదీ ఆయన్ని మాలో మేము పెద్దాయన అనేవాళ్లం. మాకు స్కీయింగ్ నేర్పింది ఆయనే. రెండు చలికాలాలు మామూలు చోట్ల పడుతూ లేస్తూ నేర్చుకున్నాక, ఇక జనంలేని కొండల్లోకి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ పైకి చేర్చే యంత్రాలేవీ ఉండవు. స్కీల అడుగున పట్టీలు అంటించుకోవాలి, వాటికి ఒకవైపు జిగురు, రెండోవైపు పొట్టి బొచ్చు. ఆ బొచ్చు ముందుకు జారనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. అలా అడుగడుగునా కొండెక్కి, పైన పట్టీలు పీకేసి, ఎవరూ తొక్కని మంచులో కిందికి జారడం. నాలుగు గంటలు ఎక్కితే పది నిమిషాలు దిగడం. దానికోసం ఇంత కష్టమా అని ఆవిడ నవ్వేది గానీ, టిఫిన్ డబ్బాలో పులిహోర మాత్రం ఎప్పుడూ మూడు వాటాలు కట్టేది, పెద్దాయన వాటాలో మిరపకాయలు ఏరేసి.

పెద్దాయనకి ఒక నియమం ఉండేది. ముగ్గురిలో ఏ ఒక్కరు వద్దన్నా, కారణం చెప్పినా చెప్పకపోయినా, ముగ్గురూ వెనక్కి తిరగాలి. ఎందుకన్నది అడగకూడదు, ఎగతాళి చెయ్యకూడదు. ఆ నియమాన్ని కారు దిగిన ప్రతిసారీ, మాకు కంఠతా వచ్చాక కూడా, మళ్లీ చెప్పేవాడు.

ఆ ఫిబ్రవరి ఆదివారం కూడా చెప్పాడు. రెండు రోజులు మంచుతుఫాను కొట్టి వెలిసింది, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. తెల్లవారుతూనే ఎక్కడం మొదలుపెట్టాం. ముందు పెద్దాయన, మధ్యలో వాడు, వెనక నేను. వాడు ఊరికే ఉంటేగా.

"బావా, మనం కొండ ఎక్కట్లేదు, దీనికి ఇస్త్రీ చేస్తున్నాం" అన్నాడు స్కీలు ముందుకు తోస్తూ.

శిఖరం మీద గాలికి చాటుగా కూర్చుని పులిహోర తిన్నాం. వచ్చే ఏడు అమ్మానాన్నల్ని తీసుకొచ్చి ఈ మంచు చూపిస్తానని, నాన్న పంచెకట్టుతోనే దిగుతాడని, వాడు తనలో తనే నవ్వుకున్నాడు. వాడు అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందెన్నడూ చూడలేదు.

దిగే చోటుకి నడిచాం. పెద్దాయన అంచు పరీక్షించడానికి కాస్త ముందుకి వెళ్లాడు. నేను పట్టీలు పీకడానికి ఒంగి బరువు ఒక కాలి మీద వేసేసరికి, మంచు లోపల ఎక్కడో గుబుక్కుమంది. ఖాళీ గాదెను గుప్పిటతో గుద్దితే వచ్చే చప్పుడు లాంటిది. నా పాదాల కింద మంచు ఒక వెంట్రుకవాసి దిగింది. ఆ చప్పుడు దేనికి గుర్తో పెద్దాయన మాకు నేర్పాడు. పైపొర కింది పొరని పట్టుకుని లేదని, వెనక్కి రమ్మని అర్థం. గాలి హోరులో వాళ్లిద్దరికీ వినబడలేదు.

పెద్దాయన వెనక్కి తిరిగి, మీ ఇద్దరికీ సరేనా అని అడిగాడు. వాడు వెంటనే బొటనవేలు పైకెత్తాడు. వద్దన్న మాట నా నోటి దాకా వచ్చింది. వాడి ముఖం చూశాను. నాలుగు గంటలు ఎక్కి వచ్చిన మనిషిని ఉత్తి చప్పుడుకి వెనక్కి నడిపించడమా అనిపించింది. పెద్దాయన ముందు పిరికివాణ్ని కావడం కూడా ఇష్టం లేదేమో, అబద్ధం ఎందుకు, అదీ ఉంది. తల ఊపాను.

పెద్దాయన క్షేమంగా దిగి ఒక రాతి పక్కన నిలబడి చెయ్యి ఊపాడు. తరువాత వాడు. నాలుగు మలుపులు ఎంతో చక్కగా తిరిగాడు. అయిదో మలుపు దగ్గర వాడి పైన వాలు అడ్డంగా గీత గీసినట్టు చీలి, మొత్తం మంచు కదిలింది. వాడు ఒక్కసారి నా వైపు చూసినట్టే నాకు గుర్తు. చూశాడో లేదో దేవుడికి తెలియాలి.

మా ముగ్గురి ఛాతీల మీదా ఒకరి జాడ ఒకరికి తెలిపే చిన్న యంత్రాలుండేవి. వాటి సాయంతో వాణ్ని కనుక్కున్నాం, పారలతో తవ్వాం. మంచు అంత గట్టిపడుతుందని ఎవరైనా చెబితే నమ్మరు. ముఖం బయటపడేసరికి ఆలస్యమైపోయింది. పెద్దాయన అయినా వదలక, హెలికాప్టర్ వచ్చేదాకా వాడి నోట్లోకి తన ఊపిరి ఊదుతూనే ఉన్నాడు. నేను వాడి గ్లౌజు తీసి చెయ్యి రుద్దుతూ కూర్చున్నాను.

ఆవిడకి ఆ కబురు చెప్పింది నేనే. ఆ క్షణం గురించి రాయలేను, క్షమించండి.

వాణ్ని ఊరు తీసుకెళ్లి కర్మకాండలు ముగించి వచ్చాక, ఆర్నెల్లు ఆ చప్పుడు మాట నాలోనే దాచుకున్నాను. అందరూ విధి అన్నారు, నేనూ అననిచ్చాను. చివరికి ఒక మధ్యాహ్నం, ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ చేతులు ఆగలేదు. కాయలన్నీ అయ్యేదాకా ఒలిచింది.

"మీరు వద్దంటే వాడు ఆగేవాడండీ" అంది. "నా మాట వినేవాడు కాదు. మీ మాటంటే ఆగేవాడు."

అంతే. అరవలేదు, తిట్టలేదు, ఆ తరువాత ఈనాటి వరకూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ సాయంత్రం అన్నం పెట్టింది, మర్నాడు టీ ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదని నేను అనుకోని రోజు లేదు. పెద్దాయనతో కూడా చాలా కాలం తరువాత చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, తానే ఇంకోసారి అడిగి ఉండాల్సిందన్నాడు. ఆయనా దాన్ని మోస్తూనే పోయాడు.

ఇప్పుడు మంచు కూడా మునుపటిలా పడడం లేదు, కొన్ని ఏళ్లు కొండలు ఫిబ్రవరిలోనూ గోధుమరంగులోనే ఉంటున్నాయి. మనుషులూ మారారు. మన తరానికి ఎదుటివాడి సంతోషం చెడగొట్టకపోవడమే మర్యాద. కడుపులో ఏమున్నా తల ఊపేవాళ్లం, పెళ్లిచూపుల్లో, ఆఫీసుల్లో, చివరికి కొండ అంచు మీదా. ఇక్కడ పుట్టిన పిల్లలు అలా కాదు. నచ్చకపోతే పెద్దాచిన్నా చూడకుండా, ముఖం మీదే నో అనేస్తారు. మా సాటివాళ్లంతా అది పొగరంటారు, పెంపకం లోపమంటారు.

నేను మాత్రం అనలేను.