మిరియాల మాకరోనీ

ఒక మనిషి ఒకే ఒక్క ఉదయంలో అక్క నమ్మకాన్నీ, ఇంటి పరువునీ, దుబాయ్ బేరాన్నీ కలిపి ముంచగలడా అని మీరెవరైనా అడిగితే, నేను నిస్సంకోచంగా చెయ్యెత్తుతాను. ముంచగలడు. ముంచాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరైనా మాకరోనీ పేరెత్తితే మెల్లగా లేచి వెళ్ళిపోతాను. మీరు మాత్రం హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నవ్వినవాళ్ళు ఎవరూ లేరు, ఆ లోటు మీరైనా తీర్చాలి.

తొంభైల నాటి మాట. మా అక్క సత్యవతి భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ రుఆబాంధాలో తన క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో సేమియా చేయించేది. ఒక పాత ఇత్తడి మిషను, నలుగురు ఆడవాళ్ళు, ఆరబెట్టడానికి వెదురు కర్రలు. అంతే ఫ్యాక్టరీ. ఒకప్పుడు దగ్గర్లోని సుపేలా బజారు దుకాణాల్లో ఆమె సేమియాయే అమ్మేవారు. తర్వాత రంగురంగుల కంపెనీ ప్యాకెట్లు దిగాయి. దుకాణాలవాళ్ళు అక్క సేమియాని ముందు పై అరలోకి, తర్వాత అటక మీదికి ఎక్కించేశారు. షెడ్డు మూసెయ్యాల్సి వస్తుందేమోనని అక్క లోలోపల కుమిలిపోతుండేది.

అప్పుడే బీకాం ముగించి ఊరు కొలుస్తున్న నేను, నెహ్రూ నగర్‌లో ఎగుమతుల మీద ఏదో ఉపన్యాసం ఉందంటే వెళ్ళాను. నిజం చెప్పాలంటే సమోసాల కోసం వెళ్ళాను. గల్ఫ్‌లో జనం పెరిగిపోతున్నారనీ, పనుల్లో పడ్డవాళ్ళకి వండుకునే తీరిక లేదనీ, ఇట్టే ఉడికే మాకరోనీకి అక్కడ గిరాకీ మీద గిరాకీ అనీ, మనలాంటి చిన్న తయారీదార్లు ఈ అదను వదులుకోకూడదనీ ఒకాయన బల్ల గుద్ది చెప్పాడు. సమోసా నా చేతిలోనే చల్లారిపోయింది.

ఇంటికి పరిగెత్తాను.

"అక్కా, సేమియా ఛోడ్ దో! మాకరోనీ చేద్దాం. దుబాయ్ పంపిద్దాం!"

"దుబాయా? సుపేలాకే పంపలేక సస్తన్నాం కదరా!"

"అరే, సుపేలా ఎంత? అక్కడ మార్కెట్ పెరిగిపోతోంది!"

"పెరిగిపోతందని నీకేటి తెలుసు? ఎల్లి కొలిసొచ్చినావేటి?"

కొలవలేదు. కానీ బీకాం చదివినవాణ్ణి, కొలవకుండానే చెప్పగలను. నాలుగు రోజులు చెవిలో జోరీగలా పోరితే అక్క ఊ అంది.

మాకరోనీకి మధ్యలో బొక్క ఉండాలి, అక్క మిషనులో పిండి దిగే చిల్లుల బిళ్ళలతో ఆ బొక్క రాదు. భిలాయ్‌లో పెరిగినవాడికి ఏ కష్టమొచ్చినా మొదట గుర్తొచ్చేది వెల్డరు. తలుపు ఊడినా వెల్డరే, మంచం కుంగినా వెల్డరే, పెళ్ళి కుదరకపోయినా ఓసారి వెల్డరుకి చూపిద్దామా అనిపిస్తుంది. సుపేలాలో వెల్డింగ్ షాపు రాంలాల్ భయ్యాకి బొమ్మ గీసి చూపించాను.

"హో జాయేగా భయ్యా! లారీ ఎక్కినా వంగదు," అని ఛాతీ చరుచుకున్నాడు.

మాకరోనీ మీదికి లారీ ఎందుకెక్కుతుందని నేను అడగలేదు. బిళ్ళ ఇనుముతో, ఆరబెట్టే ట్రేలు ఇనుముతో, అంతా ఇనుముతో చేసిచ్చాడు. మొదటి సరుకు దిగింది. కొన్ని ముక్కలకి బొక్క లేదు, కొన్నిటికి బొక్క తప్ప ఇంకేమీ లేదు. అయినా నా కళ్ళకి అవి ముత్యాలే.

ఇంతలో దుర్గ్‌లో ఒక పెళ్ళికి దుబాయ్ నుంచి ఎవరో సేఠ్ వచ్చాడని తెలిసింది. హైదరాబాదు మనిషి. దుబాయ్ దుకాణాలకి తినుబండారాలు వేసే వ్యాపారి. పిలుపు లేకపోయినా వెళ్ళి, భోజనాల పంక్తిలో పక్కన కూర్చుని బతిమాలి, మర్నాడు పొద్దున్న మా షెడ్డుకి వచ్చేలా ఒప్పించాను.

ఆ మాట విని అక్క కళ్ళు తుడుచుకుంది. "ఈ బేరం కుదిరితే షెడ్డు నిలబడతాదిరా. ఆ ఆడోళ్ళకి పని పోకండా ఉంటాది. జాగర్త నాయినా."

పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి చూద్దును కదా, నిన్న కడిగిన ట్రేలన్నీ తుప్పు! పెద్దాఫీసరు ఇన్‌స్పెక్షన్ అంటే తుప్పు గీకి తళతళలాడించడం మా ఊళ్ళో ఇంటింటా ఉన్న విద్య. నేను మాత్రం తక్కువా? రాంలాల్ దగ్గర గ్రైండర్ తెచ్చి చుర్రుమని మొదలుపెట్టాను. నిప్పురవ్వలు దీపావళిలా ఎగిశాయి. ట్రేలు అద్దాల్లా తయారయ్యాయి. తృప్తిగా వెనక్కి తిరిగాను.

వెనకే, గుడ్డల మీద, సేఠ్‌గారి కోసం రాత్రి చేసి పరిచిన, ఇంకా తడి ఆరని మాకరోనీ. దాని నిండా నల్లటి ఇనప రజను!

దులిపాను, పోలేదు. ఊదాను, పోలేదు. అంతలో అక్క వచ్చింది.

"ఓలమ్మో! ఈ నల్ల సుక్కలేట్రా?"

"మి... మిరియాలక్కా."

"మిరియాలెవులేసినారు?"

"నేనే. ఫారిన్ టేస్టు."

అక్క తెరిచిన నోరు మూయకముందే బయట కారు ఆగింది.

సేఠ్‌గారు నిదానమైన మనిషి. గుప్పెడు మాకరోనీ తీసుకుని వెలుగులో చూశాడు. "ఏంది బాబూ, నల్లగున్నయి?"

"పెప్పర్ మాకరోనీ, సేఠ్‌జీ!"

"వహ్వా! సాదాది అందరూ తెస్తరు. ఇసొంటిది ఎవరూ తేలే. ఎంతియ్యగలరు?"

"కంటైనర్లకి కంటైనర్లు!" అన్నాను. అక్క ముఖం వెలిగిపోయింది. అక్కడైనా ఆగొచ్చు కదా నేను!

"మిరియం మస్తు సన్నగుంది."

"చేత్తో దంచింది సేఠ్‌జీ. మా అక్కే దంచింది."

"నేనా?" అంది అక్క.

"పని ఒత్తిడిలో మర్చిపోయింది," అన్నాను.

ఆయన తల పంకించి, జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. "ఏం అనుకోకుర్రి. ఏ సరుకైనా ఓపాలి ఇది తిప్పి చూస్త. అలవాటు." మాకరోనీ మీద మెల్లగా తిప్పాడు.

మిరియాలు లేచి నిలబడ్డాయి! నిలబడి, ఎగిరి, బెల్లానికి చీమల్లా అయస్కాంతాన్ని పట్టేశాయి. ఒక మాకరోనీ ముక్క అయితే ఏకంగా పైకి లేచి గాల్లో వేలాడింది.

సేఠ్‌గారు ఆ ముక్కనే చూస్తూ అడిగాడు. "బాబూ, ఈ మిరియాలు తోటల కాసినయా, కొలిమిల కాసినయా?"

నేను నేల చూపులు చూస్తుంటే అక్క ముందుకొచ్చింది. "సేఠ్‌గారూ, నాకు మాకరోనీ తెల్దు, దుబాయ్ తెల్దు. మా వోడు మంచోడే గానీ నోరే మంచిది కాదు. ఇది నాను సేసిన సేమియా. దీన్ని కూడా సూసీసి ఎల్లండి బాబూ."

ఆయన అయస్కాంతం శుభ్రంగా తుడిచి సేమియా మీద తిప్పాడు. ఏమీ అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు. ఒక పోగు విరిచి నమిలి చూశాడు.

"అమ్మా, మాకరోనీ మాకు పది దేశాలు పంపుతయి. గల్ఫ్‌ల ఉన్న మనోళ్ళు పండుగొస్తే పాయసానికి ఇసొంటి సేమియా కోసం దేవులాడుతరు. ఇది నేను తీసుకుంట. కానీ ఒక్క షరతు."

"సెప్పండి బాబూ!"

"ఈ పిలగాడు షెడ్డులకి రావొద్దు."

"అడుగెట్టనిత్తానా!" అంది అక్క, నా వైపు కన్నెత్తి కూడా చూడకుండా.

ఆ విధంగా మా షెడ్డు నిలబడింది, ఆ ఆడవాళ్ళ పని నిలబడింది, నేను గుమ్మం బయట నిలబడ్డాను. ఎగుమతుల రంగానికి నేను చేసిన ఏకైక సేవ అదే. కాబట్టి పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో తిండి వస్తువులున్న గదిలో గ్రైండర్ పట్టను. కంటికి మిరియంలా కనబడినదాన్ని, నోట్లో వేసుకుని కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా, మిరియమని ఎవరికీ చెప్పను.